ఎనిమిదో కైంచీ

మా ఇంటి పక్కన, బొంబాయి రోడ్డుకు ఆనుకుని, అల్లం నిల్వ చేయడానికి ఒక పెద్ద షెడ్డు లేస్తున్నది. ఈమధ్య ఒక పొద్దున నలుగురు పనివాళ్ళు వచ్చి ఇనుప గొట్టాలు కోసి, నిప్పురవ్వలు ఎగిరేటట్టు అతికించి, క్రేనుతో పైకెత్తి, సాయంత్రం టీ తాగే వేళకు కైంచీలన్నీ గోడల మీద నిలబెట్టేశారు. ఎన్ని వేశారని ఒకతన్ని అడిగితే, "లెక్కంత ఇంజనీరు ఫోన్ల ఉన్నది తాతా, నీకెందుకు ఫికర్?" అని నవ్వాడు. నేనూ నవ్వి ఇంట్లోకి వచ్చాను గానీ ఆ పూట అన్నం సహించలేదు. ఒక ఇంటికి ఎనిమిది ఉండాల్సిన కైంచీలు ఏడు చేసి, ఆ తప్పు మా మేనమామ మీద పడుతుంటే నోరు మూసుకున్నవాణ్ణి నేను. నాలుగో తరగతి దాటలేదు, పెన్సిలు పట్టింది కర్ర మీద గీతలు గీయడానికే, రాయడం చేతకాదు. అయినా ఇది చెప్పకుండా పోతే నాకు శాంతి ఉండదు.

కైంచీ అంటే మా వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు. రెండు ఏటవాలు కర్రలు పైన కలుస్తాయి, వాటి కాళ్ళు పక్కలకు జారిపోకుండా కింద ఒక దూలం పట్టుకుంటుంది, చూడడానికి విప్పిన కత్తెరలాగా ఉంటుంది. వాటి మీద అడ్డకర్రలు, అడ్డకర్రల మీద వాసాలు, వాసాల మీద బెంగుళూరు పెంకులు. జహీరాబాదు చుట్టుపక్కల అలాంటి కప్పు వేయడంలో మా మామను మించినవాడు లేడని అప్పట్లో అందరూ అనేవారు. ఆయన కర్రను కొనే ముందు వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేవాడు, కోసిన పొట్టు ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకా తడి ఉందో లేదో చెప్పేవాడు, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడని కర్రను గోడ ఎక్కించేవాడు కాదు. వాలు తక్కువైతే గాలివానకు నీళ్ళు పెంకుల కిందికి ఎక్కుతాయని, ఎక్కువైతే పెంకులే జారతాయని, వాన ఏ దిక్కునుంచి కొడుతుందో ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి మరీ వాలు పెట్టేవాడు. అడ్డకర్రకు అతుకు వేయాల్సి వస్తే ఆ అతుకు కైంచీ నెత్తి మీదే కూర్చోవాలి, రెండు కైంచీల నడుమ గాలిలో ఉండకూడదు అన్నది మాత్రం నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. అంత చెప్పించుకున్నవాణ్ణే నేను.

మా అక్కను న్యాల్‌కల్ వైపు ఒక ఊరికి ఇచ్చాం. వాళ్ళది బంగారం పని, మాది కర్ర పని. ఒకే కులపోళ్ళమైనా వాళ్ళు జర ఎత్తులోనే కూర్చుని మాట్లాడేవారు. అక్క మామగారైన పెద్దాయన, చేతిలో చిన్న సుత్తి పట్టుకుని, "మా దగ్గర గింజెత్తు తేడా వస్తె సగం ఊరు నిలదీస్తది, మీదేమున్నది, జానెడు పోయినా రంద గుంజి చెక్క సాపు చేస్తరు," అని మేం పోయినప్పుడల్లా ఎత్తిపొడిచేవాడు. ఆయన కొత్త ఇల్లు కడుతూ కప్పు పని మామకు అప్పజెప్పాడు. మామ ఎనిమిది కైంచీలు చేసి, గోడల్లో వాటి కాళ్ళు ఆనడానికి ఎనిమిది జతల రాళ్ళు కూర్చోబెట్టి, రెండు కైంచీలు ఎక్కించాక పచ్చకామెర్లు వచ్చి సంగారెడ్డి దవాఖానలో పడ్డాడు. మిగతా పని నా మీద పడింది. అప్పటికి నాకు పాతికేళ్ళు దాటాయి, పెళ్ళయింది, మామ లేకుండా ఒక కప్పు నిలబెట్టి మేస్త్రీ అనిపించుకోవాలని లోపల చాలా ఉండేది.

మర్నాడు పెద్దాయన కిందనుంచి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఇంద్ర, యమ, రాజ, మళ్ళీ ఇంద్ర, యమ, రాజ. అప్పట్లో మెట్లయినా దూలాలయినా ఇలాగే లెక్క, ఆఖరుది యముడి మీద పడకూడదు. ఎనిమిదోది యముడి మీద పడింది. మామ రెండు కొసల గోడలనూ కలిపి పదిగా లెక్క వేసేవాడు, అప్పుడు ఇంద్రుడే వస్తాడు, నేను ఆ సంగతే చెప్పాను. పెద్దాయన ఒప్పుకోలేదు.

"గోడ కర్రనా? కర్రనే లెక్క పెడ్తరు. ఒకటి తీసెయ్."

"తీస్తె నడుమ సందు పెద్దగైతది పెద్దయ్యా. ఇంకోటి చేస్త, తొమ్మిదైతయి, రాజు మీద పడ్తది. మామ వచ్చెదాంక ఆగుదాం."

"మీ మామ ఎప్పుడు లేస్తడో ఎవలికెర్క? వానలు మీదికొచ్చినయి. నీకు చాతనైతదా, లేకుంటె వేరెటోన్ని పిలవాల్నా?"

ఆ ఆఖరు మాట నన్ను పట్టేసింది. ఇంకో కైంచీకి సరిపడా ఎండిన కర్ర లేదు, జహీరాబాదు కట్టెల అడితిలో వెతికితే దొరికేదేమో, నేను వెతకలేదు. రాళ్ళన్నీ మళ్ళీ తవ్వి ఏడింటికి సమంగా పంచాల్సింది, అదీ చేయలేదు. నడిమి వాటిలో ఒకటి ఎక్కించకుండా వదిలేశాను. దాని రాళ్ళు గోడల్లో ఖాళీగా మిగిలాయి. దాని నెత్తి మీద కూర్చోవాల్సిన అతుకులు గాలిలోకి వచ్చాయి. వాటికి ఇనుప పట్టీలు కొట్టి, పైన నిలబడి ఒకసారి ఊగి చూసి, ఏం కాదులే అనుకున్నాను. పెంకు కప్పాక పెద్దాయన నాకు కొత్త ధోవతి పెట్టి అందరి ముందు మేస్త్రీ అని పిలిచాడు. అక్క అప్పుడు పురుటికి మా ఇంట్లో ఉన్నది, ఈ సంగతి ఆమెకు తెలియదు. మామ దవాఖాన నుంచి వచ్చాక ఎట్లా అయిందిరా అని అడిగితే, మంచిగైంది మామా అన్నాను.

మొదటి వానాకాలం గడిచింది. రెండో వానాకాలంలో వారం రోజులు విడవకుండా ముసురు పట్టి పెంకులు నీళ్ళు తాగి బరువెక్కాయి. ఒక మధ్యాహ్నం అక్క ఆ నడిమి సందు కింద కూర్చుని జొన్నరొట్టె కొడుతుంటే అతుకు విడిపోయింది. వాసాలు, పెంకులు కలిసి మీద పడ్డాయి. కుడి మోచెయ్యి విరిగింది. పుత్తూరు కట్టు, దవాఖాన కట్టు రెండూ అయ్యాయి గానీ ఆ చెయ్యి మళ్ళీ చాచడానికి రాలేదు. పొద్దూ మాపూ రొట్టె మీదే బతికే ఇంట్లో రొట్టె కొట్టలేని కోడలు ఎట్లాంటి మాటలు పడిందో నేను రాయలేను.

కబురు అందగానే నేను, మామ కలిసి పోయాం. మామ గుమ్మంలో నిలబడి పైకి చూశాడు. ఖాళీగా ఉన్న రాళ్ళ దగ్గర ఆయన కళ్ళు ఆగిపోయాయి. పెద్దాయన ఊరందరూ వినేటట్టు అరిచాడు.

"పచ్చికర్ర పెట్టినవ్ మేస్త్రీ! నా కోడలు చెయ్యి తీస్కున్నవ్!"

కర్ర పచ్చిది కాదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మామ నా వైపు చూశాడు. నేను వంగి పగిలిన పెంకులు ఏరడం మొదలుపెట్టాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఉండను. కొంచెం సేపు చూసి మామ, "కర్ర నాదే, పని నాదే," అని చెప్పులు తొడుక్కున్నాడు. తప్పు ఒప్పుకున్నాడని అందరూ అనుకున్నారు. బస్సు కోసం నిలబడినప్పుడు ఒక్క మాటే అన్నాడు: "అతుకు గాలిల ఎట్ల నిలవడ్తదిరా? చెప్పిన గదా నీకు." ఆ తర్వాత నన్ను ఏ పనికీ వెంట తీసుకుపోలేదు. నా పేరు ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మేనకోడలు అత్తింట్లో తమ్ముడి తప్పు కూడా మోయాల్సి వస్తుందని అనుకున్నాడో, పని నాకు అప్పజెప్పింది తనే కదా అనుకున్నాడో.

పచ్చికర్ర మేస్త్రీ అన్న పేరు మొగుడంపల్లి దాకా పాకింది. కప్పు పనికి ఆయన్ను పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. మంచాల కోళ్ళు చెక్కుతూ, నాగళ్ళు బాగు చేస్తూ మిగతా బతుకు గడిపాడు. ఆయన చేజారిన కప్పులు చాలా వరకు నాకే వచ్చాయి. తనను ఎత్తుకుని పెంచిన మామ అని కూడా అక్క చూడలేదు. మాట మానేసింది. ఆయన చివరి రోజుల్లో అక్కను చూడాలని కబురు పంపితే, ఈ చెయ్యి చూసుకున్నప్పుడల్లా చూసినట్టే అని చెప్పి పంపించింది. ఆ కబురు మోసింది నేనే. అప్పుడైనా చెప్పలేదు.

షెడ్డు పిల్లవాడు నవ్విన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అక్క దగ్గరికి పోయాను. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది, ఆ ఇల్లు కొట్టేసి స్లాబు వేసుకున్నారు. అక్క ఫ్యాను కింద కూర్చుని ఎడమ చేత్తో చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. మొత్తం చెప్పాను, ఎనిమిది, ఏడు, రాళ్ళు, అతుకు, ధోవతి, అన్నీ. తిడుతుందనుకున్నాను. చేతిలో కాయ పక్కన పెట్టింది.

"చెయ్యి పోతె పోయింది గని తమ్మీ, మామ పిలిచిననాడు చెప్తివైతె పోయి నోట్ల ఇన్ని నీళ్ళు పోసొస్తుంటి గదరా," అన్నది.

భోజనం చేసిపొమ్మని అనలేదు. వచ్చి పది రోజులైంది, ఫోను చేస్తే కోడలు ఎత్తి, అత్తమ్మ పండుకున్నది అంటున్నది.

ఇప్పటి ఇళ్ళలో వెల్లకిలా పడుకుని పైకి చూస్తే తెల్లటి సున్నం తప్ప ఏమీ కనబడదు. లోపల ఇనుము ఎవరు కట్టారో, ఎంత తగ్గించారో, ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. మా కాలంలో కప్పు విప్పి పెట్టినట్టు ఉండేది, తెలిసినవాడు గుమ్మంలో నిలబడి ఒక్కసారి తల ఎత్తితే చేసినవాడి తప్పు కనబడేది. మా మామ అట్లాగే తల ఎత్తి చూశాడు, చూసి దించుకున్నాడు. ఆయనలాగా చూడగలిగినవాళ్ళు ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ఇక నా పనిలో తప్పు పట్టేవాడు లేడు కదా అని నిమ్మళంగా ఉండాల్సింది, ఉండలేకపోతున్నాను.