ఎన్ని కుంపట్లు?

1978 ఫిబ్రవరిలో నేను రాయ్‌పూర్ పట్టణ ప్రణాళిక ఆఫీసులో సర్వే గుమస్తాను. రైలు పట్టాల పక్క బస్తీని ఖాళీ చేయించి, మోవా వైపు ప్లాట్లు ఇవ్వాలని నిర్ణయమైంది. ఒక చూల్హాకు, అంటే విడిగా వండుకునే ఒక కాపురానికి, ఒక ప్లాట్. "ప్లాట్ల మాట ఎత్తకండి. ఎత్తితే రాత్రికి రాత్రి పొయ్యిలు పుట్టుకొస్తాయి" అన్నాడు మా అధికారి.

బస్తీలో తెలుగువాళ్ళు తొమ్మిది ఇళ్ళు. అందుకే నన్ను పంపారు. పోలమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్ భార్య, విధవ. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఏడుగురు పిల్లలు, తను. పద్నాలుగు మంది.

ఫారంలోని చూల్హాను నేనే తెలుగు చేశాను. "మీ ఇంట్లో ఎన్ని కుంపట్లు?"

పోలమ్మ మొహం మాడ్చుకుంది. "ఏటి తల్లీ, మా కొంప ముక్కలైపోనాదని రాసుకుంతావేటి? నాను బతికుండగా వేరు కుంపట్లా? ఒకటే!"

ఆవిడ వెనక మూడు పొయ్యిలు వెలుగుతున్నాయి. నేను చూశాను. ఆవిడ చెప్పినట్టు '1' వేశాను. పక్కింటి ఛత్తీస్‌గఢీ అన్నదమ్ములు తడుముకోకుండా "దో చూల్హా" అన్నారు, రెండు ప్లాట్లు పొందారు.

జూన్‌లో జాబితా అంటించారు. పోలమ్మ ఆఫీసుకొచ్చింది. "కుంపట్లు అడిగావు గానీ, ఇళ్ళిత్తామని అన్నావా?"

నేను అర్జీ రాసి పెట్టాను. అధికారి ఫారం తిప్పి చూపించాడు. "రాసింది మీరే కదా, మేడమ్."

ప్లాట్ పదిహేను బై ఇరవై, మూడు వందల చదరపు అడుగులు. తలకు ఇరవై ఒకటి. ఒక్క నులక మంచానికే పద్దెనిమిది పోతుంది. మా కాగితం మీద డెన్సిటీ, అంటే ఎకరానికి ఎంతమంది అన్న లెక్క, సరిగ్గానే ఉంది. ప్లాటుకు ఐదుగురని వేసుకున్నాం.

1984లో వేరే సర్వేకు అటు వెళ్ళాను. కొడుకులు రోజూ కొట్టుకుని, చివరికి రెండు గోడలు లేపారు. పోలమ్మ మంచం ఏ ముక్కలోనూ పట్టలేదు. మురుగు కాలువ మీద బండ పరిచి, దాని మీద వేశారు.

నన్ను గుర్తుపట్టింది. "ఇప్పుడు రాసుకో తల్లీ. మూడు."

ఆ తర్వాత పదహారేళ్ళ సర్వీసులో నేను ఎవరినీ కుంపట్లు అడగలేదు. లోపలికి వెళ్ళి, పొయ్యిలు లెక్కపెట్టి, నా కళ్ళు చూసిందే రాశాను. ఆ మొదటి రోజు పోలమ్మ ఇంట్లో కూడా నా కళ్ళకు మూడే కనిపించాయి.