మా బడిలో ఎక్కాలు చెప్పబడవు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. లోకంలో అందరూ పొరబడుతున్నారని ఒకటి, ఆ సంగతి వాళ్ళ మొహం మీదే చెప్పడం నా బాధ్యతని మరొకటి. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న అమ్మాయికి ఇంతకన్నా ప్రమాదకరమైన జబ్బు లేదు. సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ కూతురు కోవూరులో ఓ పెంకుటింటి ముందు భాగం అద్దెకు తీసుకుని, ఎల్‌కేజీకి కూడా వయసు చాలని పిల్లల కోసం ప్లేస్కూల్ తెరిచింది. నన్ను టీచరుగా రమ్మంది. (టీచరు, ఆయా, గేటు కాపలా, ముక్కులు తుడిచే మనిషి అన్నీ నేనేనని చేరాక తెలిసింది.)

అక్కది ఒకటే నియమం. అయిదేళ్ళు నిండేదాకా పిల్లల చేత పలక పట్టించకూడదు. ఇసకలో ఆడాలి, పాడాలి, కథలు వినాలి. ఊళ్ళో వాళ్ళకిది మింగుడు పడలేదు. ఇసకలో ఆడటానికి ఫీజెందుకు, మా కళ్లంలో వదిలితే ఊరికే ఆడతాడు కదా అని రైతులు మర్యాదగానే అడిగేవారు. మర్యాద పక్కనపెట్టి అడిగింది ఒక్కరే, బియ్యం వ్యాపారం చేసే ఒక తండ్రి. మూడేళ్ళ కొడుకును చేర్చిన రోజే, వీడికి రెండో ఎక్కం ఎప్పటికి వస్తుందన్నారు. అప్పట్నుంచి మాలో మేము ఆయన్ని 'రెండో ఎక్కం నాన్న' అనుకునేవాళ్ళం.

ఆ ఏడాదే కాలవ అవతల ఇంకో బడి వెలిసింది. అక్కడ మూడేళ్ళకే ఎక్కాలట, మెడకు టై కూడా కడతారట. ఒక శనివారం ఉదయం రెండో ఎక్కం నాన్న మరో నలుగురు తండ్రులను వెంటబెట్టుకుని వచ్చారు. ఉన్నదే డజను మంది పిల్లలు. ఈ అయిదుగురూ వెళ్ళిపోతే బడి మూసుకోవాల్సిందే. అక్క నన్ను పక్కకు పిలిచి, నువ్వు మాత్రం నోరు విప్పనని ఒట్టు వెయ్యమంది. వేశాను.

ఆయన కొడుకును ముందు నిలబెట్టి అంకెలు చెప్పమన్నారు. వాడు కాసేపు ఆలోచించి గొంతుక్కూర్చున్నాడు. వాణ్ణి చూసి మిగతా పిల్లలంతా కూర్చున్నారు. ఏం జరగబోతోందో నాకు తెలిసిపోయింది. శ్రీహరికోటలో రాకెట్ వదిలిన వారం నుంచి మా బడిలో అదే ఆట మరి. వాడు టెన్, నైన్, ఎయిట్ అని మొదలుపెట్టాడు, అందరూ అందుకున్నారు. జీరో అనగానే డజను రాకెట్లు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. అందులో ఒకటి, ఇసక చేతులతో సహా, ఆయన తెల్లచొక్కా మీద దిగింది.

"ఏందమ్మా ఇది? లెక్క కూడా తలకిందులుగా నేర్పించినారే" అన్నారాయన, చొక్కా దులుపుకుంటూ.

నా ఒట్టు అక్కడితో సరి. "తిరగేసి చెప్పే బిడ్డకి తిన్నగా చెప్పేది ఎంతసేపు సార్? మూడేళ్ళోళ్ళకి మేం ఎక్కాలు చెప్పం. ఈరోజూ చెప్పం, రేపూ చెప్పం. కావాలంటే తీసకపోండి" అన్నాను.

అక్క వెనకనుంచి నా నడుం గిల్లింది. ఆ తర్వాత ఏమనుకుందో, వచ్చి నా పక్కన నిలబడి, "మా చెల్లెలు చెప్పిందే నా మాట కూడా సార్" అంది.

ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళారు. వాడు గేటు ఊచలు కావలించుకున్నాడు. ఏడవలేదు. తీర్పు చెప్పినట్టు, "నేను రాను. నువ్వు పో నాయనా" అన్నాడు. ఆయన ఆ చిన్న వేళ్ళతో కాసేపు కుస్తీ పట్టి ఓడిపోయారు. మధ్యాహ్నం దాకా ఉండనివ్వమని గొణిగి, ఎవరి మొహమూ చూడకుండా బండెక్కారు.

ఇద్దరు తండ్రులు మాత్రం ఆ రోజే పిల్లల్ని మాన్పించారు. ఆ ఏడంతా అక్కా నేనూ చారన్నంతో నెట్టుకొచ్చాం. మరుసటి ఏడు రెండో ఎక్కం నాన్న కూతుర్ని కూడా తెచ్చి చేర్చారు. (ఎక్కం ఎప్పుడని అడగటం మాత్రం మానలేదు.)

ఇప్పుడు మాకు సొంత భవనముంది, వ్యాన్లున్నాయి, నెల్లూరులో ఇంకో బడి ఉంది. దాన్ని నేనే చూస్తున్నాను. పలకలు ఇప్పటికీ లేవు. కాకపోతే ఆ మాట చెప్పే పద్ధతి మారింది. వచ్చిన తండ్రులకు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, నవ్వుతూ నచ్చజెబుతాను. ఆనాటి నాలాంటి పిల్ల ఇవాళ ఉద్యోగానికి వస్తే, నోటి దురుసని నిమిషంలో తేల్చేస్తాను. ఆ తర్వాత, అక్కకు చెప్పకుండా, చేర్చుకుంటాననే అనుకుంటున్నాను.