దగ్గు ఆగేదాకా

మా నాయన తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పాలిష్ పట్టాడు. చదువు రాదు. వేలి కణుపుతో బండను తట్టి, ఖంగుమంటే మంచిదనీ, మొద్దు శబ్దం వస్తే లోపల పగులుందనీ చెప్పేవాడు. నా క్రియాపదాలకు పరీక్ష పెట్టింది కూడా ఆయనే.

క్రొయేషియాలో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో పనికి నేను దరఖాస్తు పెట్టుకున్నాను. వీడియో కాల్‌లో వాళ్ల భాష అడుగుతారు. నాకు దొరికిన పాత పుస్తకం అట్టమీద సెర్బో-క్రొయేషియన్ అని ఉంది. అందులో దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలు. చేస్తూ ఉండటానికి ఒకటి, పూర్తి చేసెయ్యడానికి ఇంకొకటి. నన్ను ఏడిపించినవి రెండో రకం.

"తాగతా ఉంటే ఒక మాట, తాగేస్తే ఇంకో మాటనా?" అని నాయన నవ్వాడు. "మా మేస్త్రీ ఆ దేశంలో పుట్టాల్సినోడు. ఎంత కష్టపడినా వానికి లెక్కలేదు, అయిపోయిందా లేదా, అంతే."

పొద్దున ఆయన దగ్గుమందు తాగే వేళకు మంచం పక్కన కూర్చుని అప్పజెప్పేదాన్ని. తాగేస్తాను, తాగేస్తావు, తాగేస్తాడు. పొపియెమ్, పొపియెష్, పొపియె. అర్థం తెలియకపోయినా కళ్లు మూసుకుని వినేవాడు. నా గొంతు తడబడితే చాలు, పట్టుకునేవాడు.

"ఆడ పగులుండాది పాపా. మొదట్నించి చెప్పు."

రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. మూడో మాట దాటేసరికి దగ్గు వచ్చేది. నేను ఆగేదాన్ని. దగ్గు తగ్గాక మూతి తుడుచుకుని "ఊఁ, కానీ" అనేవాడు. అప్పుడు మిగతా మూడూ చెప్పేదాన్ని. పొపియెమొ, పొపియెతె, పొపియు.

"ఆ ఫ్యాక్టరీ గేటు నువ్వు తొక్కొద్దు. ఈ పరీక్ష పాసై పో" అనేవాడు.

"నేను పోతే నిన్నెవరు చూస్తారు నాయనా?"

"నాకేమి, మీ అమ్మ ఉండాది తిట్టేకి."

ఇంటర్వ్యూకు పదకొండు రోజుల ముందు ఆయన పోయాడు.

తేదీ మార్చమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు తెరమీద ఒక పెద్దావిడ నవ్వుతూ పలకరించింది. మొదటి ప్రశ్నలకు బాగానే చెప్పాను. తర్వాత ఆ క్రియే అడిగింది.

పొపియెమ్, పొపియెష్, పొపియె.

ఆగాను. మంచం ఎత్తేసి బయట పెట్టారని తెలుసు. అయినా ఆగాను. ఆవిడ కాసేపు చూసి, "మిగతావి?" అని మెల్లగా అడిగింది. మిగతావి నా నోట్లోనే ఉన్నాయి. పెదవులు కదల్లేదు. బాగా చదువుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోమని చెప్పి ఆవిడ కాల్ పెట్టేసింది.

గడప దగ్గర నిలబడి వింటున్న అమ్మ లోపలికి వచ్చింది.

"రోజూ గడగడా చెప్తాంటివి గదే. ఏల నిలిపేసినావు?"

"మర్చిపోయినానమ్మా" అన్నాను.