ఆళ్లగడ్డలో ఓడ

ఈ మధ్య మా మనవరాలు నన్నొక దుకాణానికి తీసుకుపోయి కళ్లకు నల్లటి పెట్టె ఒకటి కట్టించింది. వర్చువల్ రియాలిటీ అట. కళ్ల ముందు సముద్రం లేస్తుంది, కింద కుర్చీ దానికి తగ్గట్టు ఒరుగుతుంది. దిగాక ఆ దుకాణం కుర్రాడు, "కళ్లు తిరిగాయా మేడమ్? కంటికి కనిపించేది, ఒంటికి తెలిసేది ఒకటి కాకపోతే అలా అవుతుంది" అని పాఠం మొదలుపెట్టాడు. నాకు నవ్వాగలేదు. "ఆ పాఠం మీ నాన్న పుట్టకముందే నేను ఆళ్లగడ్డలో బండిచక్రం మీద చెప్పాను" అన్నాను. అతను నమ్మినట్టు లేదు. మీరైనా వినండి.

అప్పట్లో నేను నంద్యాలలో సైన్సు టీచర్‌ని. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఆళ్లగడ్డ ఇంటికి చేరేదాన్ని. ఆదివారం చర్చికి పోయి, సాయంత్రం తిరుగు బస్సు పట్టుకునేదాన్ని. మా నాయన రెండో యుద్ధంలో సిపాయిగా బొంబాయిలో ఓడెక్కి ఇరాక్‌లోని బస్రా దాకా పోయివచ్చిన మనిషి. మా వీధి మొత్తానికి సముద్రం చూసినవాడు ఆయనొక్కడే. రోజూ సాయంత్రం శెట్టి కిరాణా కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని ఆ ప్రయాణం చెప్పేవాడు. ఓడ కింది గదిలో తలుపులు మూసేస్తే, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే వాంతులు చేసుకున్నారట. తుపాకీ గుండుకు జంకని మొనగాళ్లు కూడా నేల మీద పడి మూలిగారట.

శెట్టి చెడ్డవాడు కాదు, కానీ నోరు ఊరుకోదు. తక్కెడ చేతిలో ఉండగానే, "ఏమప్పా, గదిలో ఊరికే కూసున్నోనికి వాంతెందుకయితాది? భయపడింటావ్. చెప్పుకోను సిగ్గు, అంతే" అనేవాడు. బల్ల మీదివాళ్లు పకపకా నవ్వేవాళ్లు. నాయనా నవ్వి ఊరుకునేవాడు.

ఒక శనివారం నేను వెళ్లేసరికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

"ఏం నాయనా, కొట్టుకాడికి పోలేదా?"

"పోయి ఏం చెప్పాలమ్మా? పిరికోని మాట ఎవరింటారు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సంచి కింద పెట్టి నేరుగా కొట్టుకు పోయాను. "శెట్టిమామా, మా కోతల పండగకు ఆళ్లగడ్డకు ఓడ తెస్తాండా. ఎక్కుతావా?"

"సముద్రం గూడా తెస్తాండావా పాపా?"

"అది అక్కర్లేదు. ఎక్కుతావా, లేదా?"

"ఎక్కుతా. నాకు గాని వాంతయితే, అది భయం కాదప్పా అని అందరి ముందర మీ నాయనతో చెప్తా. కాకపోతే?"

"కాకపోతే మా నాయన పిరికోడని నేనే ఒప్పుకుంటా."

నోరు జారాక గానీ తెలియలేదు, నాది కాని పరువును పందెంలో పెట్టానని. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

మా చర్చిలో కోతల పండుగంటే ప్రతి ఇల్లూ తన పంటలోంచి మొదటి భాగం తెచ్చి పీఠం ముందు పెడుతుంది. ఆరాధన అయ్యాక గుమ్మడికాయలూ కోళ్లూ వేలం పాడతారు. సంఘం యువకులు ఆవరణలో ఆటల కొట్లు పెడతారు. ఈసారి ఒక కొట్టు నాదని చెప్పాను. టికెట్టు దోసెడు జొన్నలు.

చర్చి బెంచీలు చేసే వడ్రంగి పాత తలుపులతో నలుగురు పట్టే గది ఒకటి కట్టిచ్చాడు. దాని కింద స్ప్రింగుల్లా పనిచేసే లారీ కమాను పట్టీలు బిగించాం. యువకులు నాలుగు మూలలా పట్టుకుని కుదిపితే గది ఎగిరెగిరి పడింది. అద్భుతం అనుకున్నాం. నాయనను లోపల కూర్చోబెట్టి కుదిపాం. ఆయన తల నిమురుకుంటూ బయటికొచ్చాడు.

"మ్మా, ఇది ఓడ కాదు. చాగలమర్రి బస్సు."

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నిజమే మరి. సముద్రమెరుగని మాకు ప్రయాణమంటే నడుములు విరగ్గొట్టే కుదుపే. ఎద్దులబండి కుదుపు, బస్సు కుదుపు తప్ప మా ఒళ్లకు మరొకటి తెలియదు. ఓడను కట్టమంటే మాకు తెలిసిన బస్సునే కట్టాం.

"మరి ఓడ ఎట్లుంటాది నాయనా?"

"ఓడ ఎగరదు. లేస్తాది. లేసి రవ్వంతసేపు ఆలోచన చేస్తాది. ఆమీట దిగుతాది."

ఆ 'ఆలోచన' ఎక్కడ దొరుకుతుందా అని దిగులుపడుతూ ఆదివారం బస్సెక్కాను. దారిలో ఒక గడ్డిబండి అడ్డమొచ్చింది. వరిగడ్డి ఆకాశమంత ఎత్తు వేసుకుని, రోడ్డు నిండా పరుచుకుని పోతోంది. డ్రైవరు హారన్ కొడుతూ తిడుతున్నాడు. నేను మాత్రం కిటికీలోంచి సగం బయటికి వాలి చూస్తున్నాను. చక్రం గుంతలో దిగితే ఖాళీ బండి టక్కున అదురుతుంది. ఈ బండి అదరలేదు. మెల్లగా ఒక పక్కకు ఒరిగింది, అక్కడ రవ్వంతసేపు ఆగింది, మళ్లీ మెల్లగా లేచింది. బరువంతా పైన ఉంది కదా! "అదే! అదే!" అని బస్సులో గట్టిగా అరిచాను. పక్కనున్నామె తన బుట్ట దగ్గరికి లాక్కుని కొంచెం జరిగి కూర్చుంది.

తర్వాతి శనివారం కమాను పట్టీలు పీకించి, పాత బండిచక్రాన్ని రెండు సగాలుగా కోయించి వంపు నేలకు ఆనేలా, ఊగే తొట్టికి ఉన్నట్టు గది కింద బిగించాం. ఊపితే గబగబా ఊగింది. పిల్లల తొట్టి అని యువకులు నవ్వారు. నవ్వనీ అనుకుని ఇసుక మూటలు గది కప్పు మీదికి ఎక్కించాను. ఒక్కో మూటకూ ఊపు నిదానించింది. బోల్తా పడకుండా రెండు పక్కలా వేపచెట్లకు మోకులు కట్టాం. నాయన లోపల కూర్చున్నాడు. ఈసారి తల నిమురుకోలేదు.

"కదలిక వచ్చిందమ్మా. కానీ తలుపులోంచి చర్చి కనపడతాంది. చర్చి కనపడితే నేను ఆళ్లగడ్డలో ఉన్నట్లే గదా! మూసెయ్. లోపల లాంతరు కట్టు. మాకు ఆడ లాంతరొకటే దిక్కు."

మూసి, కట్టి, ముందుగా నేనే ఎక్కాను. గోడలు, బల్ల, నా మోకాళ్లు అన్నీ నాతోపాటే ఒరుగుతున్నాయి కాబట్టి కంటికి గది నిలకడగా ఉంది. నిజానికి నిటారుగానే వేలాడుతున్న లాంతరేమో దెయ్యం పట్టినట్టు తనంతట తానే అటూ ఇటూ ఊగుతున్నట్టు కనపడుతోంది. గది కదలడం లేదని కన్ను అంటోంది, కదులుతోందని కడుపు అంటోంది. ఇద్దరి తగువులో కడుపే గెలిచింది. పరుగున బయటికొచ్చి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, ఎగిరి గంతేశాను. వాంతి చేసుకుని అంత సంబరపడిన ఆడది మా జిల్లాలో మరొకతె ఉండదు.

పండుగ రోజు శెట్టి ఉతికిన పంచె కట్టుకుని పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. దోసెడు జొన్నలు బుట్టలో పోసి, జనానికి దండం పెట్టి లోపలికి పోయాడు. తలుపు మూశాను. పాటల బృందం నెమ్మదైన కీర్తన అందుకుంది. ఒక్కో చరణం తాళానికి యువకులు గదిని ఒక్కసారి మెల్లగా తోశారు.

"పాపా, ఓడ యాడికొచ్చె? పాణ్యం దాటిందా?" అని లోపల్నుంచి కేక. జనం విరగబడి నవ్వారు. నాయన వేపచెట్టు కింద తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

రెండో కీర్తన మొదలైంది. "ఏందీ, సముద్రం ఇంతేనా?" అన్నాడు, గొంతు కాస్త తగ్గింది. పాట సగంలో మాటలు ఆగిపోయాయి. జనమూ నవ్వడం మానేశారు. ఉన్నట్టుండి తలుపు దబదబా మోగింది.

శెట్టి బయటికొచ్చి నాలుగడుగులు వంకరగా వేసి, చెట్టు మొదట్లో కూలబడి ఉదయం తిన్నదంతా కక్కాడు. అందరికంటే ముందు ఆయన దగ్గరికి చేరింది నాయనే. పక్కన చతికిలబడి ఆయన తల తన తొడ మీద పెట్టుకున్నాడు.

"కండ్లు మూసుకో. లాంతరు తలుచుకోవద్దు. తగ్గుతాది. మాకూ ఇట్లనే చెప్పిరి."

శెట్టి కళ్లు మూసుకునే నాయన చెయ్యి పట్టుకున్నాడు. పందెం సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"నేను భయపళ్లేదప్పా. నిజ్జంగా భయపళ్లేదు."

"నాకు తెల్సులేప్పా" అన్నాడు నాయన.

పెద్దమనిషినైతే నేను అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, "శెట్టిమామా, ఆ మాట ఇంకోసారి చెప్పు. ఆ వెనకాలోళ్లకు వినపళ్లేదు" అన్నాను.

శెట్టి లేచి కూర్చున్నాడు. మూతి తుడుచుకుని, నాయన భుజం మీద చెయ్యేసి, అందరికీ వినపడేటట్టు చెప్పాడు: "అది భయం కాదప్పా."