దూది పీచు, పచ్చ లైటు

ఒక లేజరు పెట్టెను నమ్మి మా పెద్దమ్మ ఊపిరి ఎలా పాడుచేశానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నామీదే కదా. ఏడుపొస్తే దానికీ నాదే పూచీ.

అప్పట్లో గాలిలో దుమ్ము కొలిచే ఉద్యోగంలో కొత్తగా చేరాను. చేతిలో ఇటుకంత పెట్టె. లోపలి కాంతి దుమ్ము కణానికి తగిలి చెదురుతుంది, దాన్నిబట్టి కణం ఎంతుందో లెక్క వేస్తుంది. నా నడక చూస్తే ఆ కాంతిని నేనే కనిపెట్టాననుకుంటారు.

మా పెద్దమ్మ మార్తమ్మ ఆదోని పత్తి మిల్లులో గింజలు తీసే మిషన్ దగ్గర కూలి. దగ్గు పట్టుకుని, బయట పత్తి ఏరే పనికి మార్చమని సేటును అడిగింది.

"మీ పిల్లోడు దుమ్ము కొలుస్తాడంట కదా. ఎక్కువుందంటే మారుస్తా" అన్నాడు సేటు.

వెళ్లి కొలిచాను. దూది పడి పెద్దమ్మ కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. పెట్టె మాత్రం దుమ్ము తక్కువేనంటూ పచ్చ లైటు వెలిగించింది.

"బాగుందంటావా అప్పా?"

"లేజరు పెద్దమ్మా! అబద్ధం సెప్పదు."

"మరి ఈ దగ్గు యాడనుంచి వస్తాంది?"

"నీ మనసులోనుంచి."

ఇంతటి తెలివైనవాడు మా వంశంలో ఇంకొకడు పుట్టలేదు, పుట్టకూడదు కూడా. "సదువుకున్నోనివి, నీకే తెల్సు" అని పెద్దమ్మ మళ్లీ మిషన్ దగ్గరికే వెళ్లింది.

మరుసటి ఏడు ఎమ్మిగనూరు బస్టాండులో టీ గ్లాసు పక్కన పెట్టె పెట్టానో లేదో, ఎర్ర లైటు!

"ఏమన్నా, నా టీలో ఇసముందా?" అని టీ అంగడాయన మీదికొచ్చాడు.

మా ఆఫీసు పెద్దాయనకు ఫోన్ చేసి టీ సంగతీ, మిల్లు సంగతీ చెప్పాను. "ఆవిరి చుక్కలు కూడా దానికి దుమ్మేనప్పా. కణాలన్నీ గుండ్రంగా ఉంటాయనుకుంటాది. పొడుగాటి పీచు సైజు దానికి తేలదు, పెద్దవి లోపలికే పోవు. దూది ఉన్నచోట గాలిని ఫిల్టరు గుండా లాగి, పడిన దుమ్మును తూకం వేయాల. పెట్టెతో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉండాది. సదవలేదా?"

చదవలేదు. టీ వదిలేసి ఆదోని బస్సెక్కాను.

పెద్దమ్మ అప్పటికే పని మానేసి, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. తప్పంతా ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"అంటే... నా దగ్గు నిజమేనా?" అంది, మధ్యలో ఊపిరి కోసం ఆగి. "పని ఎగ్గొట్టేకి ఏసాలేస్తాండానేమో అని... ప్రతి ఆదివారం సర్చిలో... దేవుణ్ణి క్షమాపణ అడుగుతాంటినప్పా."

ఆమె ముఖంలో సంతోషం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

అక్కడే లేచి నిలబడి, కుడి చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను: "దగ్గేవాళ్లకు దగ్గు లేదని, ఇకమీదట ఏ పెట్టె చూపించీ చెప్పను." పెద్దమ్మకు నవ్వొచ్చింది. నవ్వడానికి ఊపిరి చాల్లేదు.