మామ బోర్డు, అన్న మిషన్

మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో మా అన్న మొబైల్ దుకాణం ఒకప్పుడు మెమరీ కార్డుల మీద బతికింది. అహేరి బస్సు దిగినవాళ్లు నేరుగా వచ్చి తెలుగు, హిందీ, మరాఠీ పాటలు ఎక్కించుకుని పోయేవాళ్లు. ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చాక ఆ గిరాకీ పోయింది. లోకంలో దేన్నయినా నకలు కొట్టొచ్చన్న అన్న ధీమా మాత్రం పోలేదు. నా కోపమంతా ఆ ధీమా మీదే.

డిప్లొమా ముగించి ఇంటికొచ్చిన ఏడు, మైక్రోకంట్రోలర్లనే చిన్న చిప్‌ల పని నేర్చుకుని, మోటార్లను నడిపే బోర్డులు మనమే చేద్దామన్నాను. చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే పరికరాన్ని ప్రోగ్రామర్ అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాడికి అరచేతిలో ఇమిడేది చాలు. మనం వాడే చిప్‌కు అది సరిపోవాలి, అంతే. ఇక ఒక మల్టీమీటర్, మంచి సోల్డరింగ్ ఐరన్, కాసిన్ని వైర్లు ఉంటే పని మొదలవుతుంది. ఎంత చెప్పినా అన్న వింటేగా! అన్ని రకాల చిప్‌లూ చదువుతుందని, తాళం వేసినవీ తెరుస్తుందని ఎవడో వీడియోలో ఊదరగొట్టిన పెద్ద మిషన్ తెప్పించాడు.

"ప్రోగ్రాం రాసుడెందుకు తమ్మీ? ఉన్నదాన్ని నకలు కొడ్తే అయిపాయె."

ఆ ఉన్నదేదో మా మేనమామ చేలో ఉంది. మిర్చి చేలకు కరెంటు రాత్రి ఏ వేళకొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన వెంటనే మోటారును దానంతటదే నడిపించే బోర్డు అది. దాని పుణ్యమా అని, మోకాళ్లు అరిగిన మామ రాత్రుళ్లు ఇంట్లో పడుకునేవాడు. ఆ రకం బోర్డులు ఇప్పుడు బజారులో దొరకడం లేదు, రైతులంతా అవే అడుగుతున్నారు. అందుకే అన్న కన్ను దాని మీద పడింది. పొద్దుగూకేలోపు తెచ్చిస్తానని అన్న అంటే మామ మారుమాట్లాడకుండా విప్పి ఇచ్చాడు.

చిప్‌ను మిషన్‌లో పెట్టి చదివితే ఏమీ రాలేదు. ఎవరూ నకలు కొట్టకుండా తయారుచేసినవాడు తాళం వేశాడు. అలాంటి తాళం తీయడమంటే లోపలి ప్రోగ్రామును మొత్తం తుడిచేయడమే. ఆగమని నేను చెబుతూనే ఉన్నాను, అన్న తాళం తీసే బటన్ నొక్కేశాడు. తాళం తెరుచుకుంది, లోపల ఏమీ లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

పొద్దుగూకగానే మామ బోర్డు కోసం ఇంటికొచ్చాడు. చిప్ ముందే ఖరాబై ఉండెనని అన్న అనేశాడు. అదీ మా అమ్మ ముందు, ఆమె తోడబుట్టినవాడి మొహం మీద! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత నేను చిన్న ప్రోగ్రామర్ కొనుక్కుని కూర్చున్నాను, మామ బోర్డుకు కొత్త ప్రోగ్రాం నేనే రాద్దామని. మొదటి పాఠం ఎవరికైనా ఒకటే, చిన్న లైటు వెలిగి ఆరడం. అది పనిచేసిన సాయంత్రం, రాత్రి కరెంటు కోసం కాచుకోవడానికి చేనుకు పోతూ మామ దుకాణం ముందు ఆగాడు. ఒక చేతిలో కట్టె, భుజం మీద గొంగడి. మెట్టెక్కి, నా బల్ల మీద వెలిగి ఆరుతున్న లైటును చూశాడు.

"అల్లుడా, కరెంటొస్తె గిది మోటర్ ఏస్తదా?"

"ఇప్పుడైతె ఎయ్యది మామా. లైటు ముట్టిచ్చుడు, ఆర్పుడే."

"మంచిగున్నది," అన్నాడు మామ. గొంగడి సర్దుకుని, కట్టె ఊతంతో మెల్లగా మెట్టు దిగి చేను వైపు వెళ్లిపోయాడు.