ఇంటి భాష: తెలియదు

తరగతిలో ఏ పిల్ల అయినా తెలుగులో మాట్లాడితే చారులత టీచర్ బోర్డు వైపు తిరిగేది. తుడిచి ఉన్న బోర్డునే మళ్లీ తుడిచేది. పైనుంచి కిందికి, నిదానంగా, ఆ మాట గదిలోంచి పోయేదాకా. తర్వాత ఇటు తిరిగి తమిళంలో పాఠం చెప్పేది. ఇరవై ఆరేళ్లుగా ఇదే. పిల్లలు అది టీచర్ల పద్ధతి అనుకున్నారు. తోటివాళ్లు శుభ్రత అనుకున్నారు.

బడి కోయంబత్తూరులో, ఆర్.ఎస్. పురం వెనక, పారిశుద్ధ్య పనివాళ్ల లైను ఇళ్లను ఆనుకుని ఉంది. రెండో తరగతిలో ముప్పై ఒక్కమంది. ఇరవై మంది ఇళ్లలో తెలుగే. నాలుగు తరాలుగా ఆ నగరాన్ని ఊడుస్తున్న వాళ్ల పిల్లలు. చారులత ఇంట్లోనూ తెలుగే. ఎప్పుడో కొన్ని వందల ఏళ్ల కింద ఆమె కులమూ, వాళ్ల కులమూ ఒకే మాట మోసుకుని దక్షిణానికి దిగాయి. దిగాక ఒకరికి నల్లరేగడి దక్కింది. ఒకరికి చీపురు దక్కింది.

ఆమె పుట్టింది పల్లడం దగ్గరి పత్తి చేలలో. వాళ్ల చేలో పనిచేసేవాళ్లు తమలో తాము తెలుగే మాట్లాడుకునేవాళ్లు. అవ్వ రంగమ్మాళ్ మాత్రం వాళ్లకు తమిళంలోనే పని చెప్పేది. ఎందుకని ఒకసారి చారులత అడిగింది.

"వాండ్ల నోట మన మాట వస్తే వినపడనట్టు ఉండల్ల పాపా," అంది అవ్వ, ఒత్తులు చేసుకుంటూ. "బదులు చెప్పితే ఒకటైపోతాము."

అదే ఏడు బడిలో దాహమేసి చారులత నీళ్లు కావాలని తెలుగులో అడిగింది. టీచర్ బెంచీ ఎక్కించి నిలబెట్టింది. తరగతంతా నవ్వింది. ఇంటి మాట బయటికి తేకూడదని బడి నేర్పింది. బయట వినబడినా వినకూడదని అవ్వ నేర్పింది. ఆమె మంచి విద్యార్థి. రెండూ బాగా నేర్చుకుంది.

చెడ్డ టీచర్ కాదు. ఎవరినీ కొట్టలేదు. మూడేళ్ల కింద ఫౌండ్రీలో పనికి వచ్చిన బీహారువాళ్ల పిల్లలు ఇద్దరు తరగతిలో చేరితే, ఫోను చూసి యాభై హిందీ మాటలు రాసుకుంది. పిల్లల ఇంటి భాషలోంచి పాఠంలోకి రావాలని శిక్షణలో చెప్పినప్పుడు, తరగతి గోడకు ఒక పట్టిక చేసి తగిలించింది. తమిళం, హిందీ, మలయాళం. నీరు, అన్నం, అమ్మ, నొప్పి. చూడవచ్చిన అధికారి దాన్ని ఫోటో తీసుకున్నాడు. పట్టికలో తెలుగు లేదు. ఇరవై మంది పిల్లలు రోజూ దాని కిందే కూర్చునేవాళ్లు. వాళ్లూ అడగలేదు.

వాళ్లలో ఒకతె కృత్తిక. ఏడేళ్ల పిల్ల. తల్లి లేదు, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు, నాయనమ్మ సెల్లాయి పెంచుతోంది. మిగతా పిల్లలు వీధిలో తమిళం పట్టేశారు. కృత్తికను సెల్లాయి వీధిలోకి పంపేది కాదు. తరగతిలో ఆ పిల్ల నోరు తెరవదు. పేరు పిలిస్తే నిలబడుతుంది. కూర్చోమంటే కూర్చుంటుంది.

కుళాయి దగ్గర వేరు. భోజనం పళ్లెం కడుగుతూ ఆ పిల్ల కథలు చెప్పేది. చుట్టూ నలుగురైదుగురు చేరేవాళ్లు.

"ఆ కుక్కకి ఒక చెవే ఉండాది. ఇంకొక చెవిని చెత్త అనుకుని బండివాడు ఎత్తుకొని పోయినాడు. అందుకే దానికి సగమే వినపడతాది. రా అంటే వస్తాది. పో అంటే వినదు."

పిల్లలు నీళ్లు చల్లుకుంటూ నవ్వేవాళ్లు. వరండాలో స్తంభం వెనక నిలబడి చారులత కూడా ఒకసారి నవ్వింది. నవ్వి, గదిలోకి వెళ్లిపోయింది.

జూలైలో ప్రధానోపాధ్యాయుడు లక్ష్మణన్ ఒక కాగితం తెచ్చాడు. చదువులో వెనకబడ్డ పిల్లలను పరీక్షించడానికి వైద్య శిబిరం వస్తోంది. మతిమాంద్యమని సర్టిఫికెట్ వచ్చిన పిల్లలను బడి పరీక్ష ఫలితాల లెక్కలో కలపరు. వాళ్ల కోసం వేరే కేంద్రం ఉంది, వ్యాను వచ్చి తీసుకెళుతుంది, వాళ్లకూ మేలే అన్నాడు. రెండో తరగతిలో ఎవరున్నారని అడిగాడు. ఆమె కృత్తిక పేరు చెప్పింది. చెప్పడానికి ఇంకో పేరు లేదు.

కాగితంలో పదహారు ప్రశ్నలు. తరగతిలో మాట్లాడుతుందా? లేదు. చెప్పింది చేస్తుందా? కొంత. పదకొండోది: ఇంటి భాషలో మాట్లాడుతుందా? చారులత పెన్ను ఎత్తింది. అవును అని రాస్తే, మీకెలా తెలుసని అడుగుతారు. కాదు అంటే అబద్ధం. తెలియదు అని రాసింది. రాసింది చూసుకుంటే తప్పుగా అనిపించలేదు.

శిబిరంలో డాక్టరు తిరునల్వేలివాడు. ఓపిక గలవాడు. బొమ్మలున్న అట్టలు ఒక్కొక్కటే చూపించి, ఇదేమిటమ్మా అని తమిళంలో అడిగాడు. టీచర్ని పక్కనే కూర్చోమన్నాడు, పిల్ల భయపడకుండా.

మొదటి అట్ట మీద గుర్రం. కృత్తిక చాలాసేపు చూసింది. తర్వాత, వినబడీ వినబడనట్టు, "గుర్రము" అంది.

డాక్టరు తలెత్తాడు. "ఏమంటోంది టీచర్?"

"ఏదో అంటోంది సార్," అంది చారులత.

రెండో అట్ట మీద కోడిగుడ్డు. "గుడ్డు," అంది పిల్ల, ఈసారి డాక్టరుకు కాదు, టీచర్ వైపు తిరిగి. డాక్టరూ ఆమె వైపే చూశాడు. ఆ గదిలో బోర్డు లేదు. చారులత తన చేతులు చూసుకుంది.

మూడో అట్టకు పిల్ల పలకలేదు. ఆ తర్వాత ఒక్క అట్టకూ పలకలేదు.

అక్టోబరులో కార్డు వచ్చింది. మతిమాంద్యం, యాభై శాతం. సెల్లాయి వేలిముద్ర వేసింది. పిల్లకు మంచిదని చెప్పారు, వేసింది. తెల్ల వ్యాను పొద్దున తొమ్మిదికి లైను ఇళ్ల ముందు ఆగడం మొదలైంది. కుళాయి దగ్గర పిల్లలు పళ్లెం కడుక్కుని లేచిపోయేవాళ్లు.

నవంబరు చివర్లో సెల్లాయి బడికి వచ్చింది. పని దుస్తుల్లోనే వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వరండాలో నిలబడి తెలుగులో మాట్లాడింది. చారులత తమిళంలో, ఏమిటి కావాలమ్మా అని అడిగింది. ముసలామె ఆగలేదు.

"టీచరమ్మా, పిల్ల ఇంట్లో కూడా మాట్లాడేది మానేసిందమ్మా. నెలయింది. అన్నం పెడితే తింటాది. ఏమే అంటే గోడ చూస్తాది. కథ చెప్పవే అంటే కండ్లు మూసుకుంటాది. అక్కడ వాండ్లు మంచోళ్లే. కొట్టరు. పిలకాయలకు పూసలు గుచ్చేది నేర్పిస్తారు. అక్కడుండే పిలకాయలకు అది కావాల్సిందే. మా పిల్లకు కాదు గదమ్మా. మీకు తెలుసు గద."

నాకేం తెలుసు, అనబోయింది చారులత. అదీ తమిళంలోనే అనబోయింది.

"నేను మీ వీధిలోనే చిమ్ముతా," అంది సెల్లాయి. "పదకొండేండ్లు. మీరు గేటు కాడ నిలబడి ఫోన్లో మీ అమ్మతో మాట్లాడతారు. మంచి తెలుగమ్మా మీది. నేను ఎవరి కాడా చెప్పలా. పెద్దోళ్లు, వాళ్లకేమో ఉంటాది, మనకెందుకు అనుకుంటిని. నాడు క్యాంపులో పిల్ల మిమ్మల్ని చూసి చెప్పిందంట. ఇంటికొచ్చి నన్ను అడిగింది, అవ్వా, టీచర్‌కి చెవుడా అని."

గొంతు పెంచలేదు. నింద వేయలేదు. అడగవలసింది అడిగి, జవాబు కోసం నిలబడింది.

చారులత లక్ష్మణన్ గదికి వెళ్లింది. తనకు తెలుగు వచ్చని, పిల్ల రెండు అట్టలకూ సరిగ్గానే చెప్పిందని, పదకొండో ప్రశ్నకు తాను రాసింది నిజం కాదని చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. ఆయన తలుపు దగ్గరికి వేశాడు. కార్డును మళ్లీ చూసేది మూడేళ్ల తర్వాతే అన్నాడు. అంతకు ముందే చూడాలంటే కారణం రాతలో ఇవ్వాలి.

"హిందీకి పట్టిక వేసిన టీచర్ మీరు," అన్నాడు. "ఆ రోజు ఒక్కమాట అంటే రెండు నిమిషాల పని. ఇప్పుడు రాసిస్తే తప్పుడు నివేదిక అవుతుంది. మెమో మీకు ముందు, నాకు తర్వాత. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. ఆ పిల్ల ఇప్పుడు మాట్లాడుతోందా, అది చెప్పండి. మాట్లాడితే కదా మనం ఏమైనా అడగగలిగేది."

మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టి, సెల్లాయి వెంట కేంద్రానికి వెళ్లింది. పొడుగాటి గది. చాపల మీద పన్నెండు మంది పిల్లలు. కృత్తిక కిటికీ దగ్గర, పూసల పళ్లెం ముందు కూర్చుని ఉంది. చారులత ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి పాఠ్యపుస్తకం తీసి గుర్రం బొమ్మ ఉన్న పేజీ తెరిచింది.

"కృత్తికా," అంది. తర్వాతి మాటకు నోరు తిరగలేదు. ఒక పిల్లతో, ఇంటి బయట, తెలుగులో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "ఇది ఏమమ్మా? నాడు చెప్పినావే. సరిగ్గా చెప్పినావు. నాకు వినపడింది."

పిల్ల బొమ్మను చూసింది. టీచర్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. కుళాయి దగ్గరి పిల్ల ఆ కళ్లలో ఎక్కడైనా ఉందేమోనని చారులత వెతికింది. పిల్ల పూసల పళ్లెం ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

చారులత గుడ్డు అంది. ఒంటి చెవి కుక్క అంది. రా అంటే ఏం చేస్తుంది, పో అంటే ఏం చేస్తుంది అని అడిగింది. గోడ దగ్గర సెల్లాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కేంద్రంలో పనిచేసే అమ్మాయి వచ్చి, ఆ పాప మాట్లాడదు టీచర్, కానీ చాలా మంచి పిల్ల అని తమిళంలో ఓదార్చింది.

తిరిగి వస్తూ బస్‌స్టాపులో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. బస్సు ఎక్కేటప్పుడు సెల్లాయి అడిగింది. "మాట తిరిగి వస్తాదా టీచరమ్మా?"

చారులతకు జవాబు తెలియదు. ఆ మాటే చెప్పింది, తెలుగులో.

మరుసటి రోజు ఉదయం బడి తెరవకముందే వెళ్లింది. నా మాతృభాష తెలుగు అనే వాక్యంతో మొదలైన ఉత్తరం లక్ష్మణన్ బల్ల మీద పెట్టింది. ఆయన మొదటి వాక్యం చదివి, మడిచి, దాని మీద పేపర్‌వెయిట్ పెట్టి, తీసుకున్నానని కాని తీసుకోలేదని కాని అనలేదు. ఆమె సెలవు చీటీ కూడా పెట్టి, రెండు బస్సులు మారి కేంద్రానికి వెళ్లింది. కిటికీ దగ్గర కృత్తిక పక్కన చాప మీద కూర్చుని ఒక దారం తీసుకుంది. ఈసారి ఏమీ అడగలేదు. ఇది ఎర్ర పూస అంది. ఇది దారం. బయట ఎండ వచ్చింది. కాకి ఒకటి గోడ మీద వాలింది, పోయింది. మీ అవ్వ ఈ పూట మా వీధి చిమ్ముతోంది. కనబడింది కనబడినట్టు, తెలుగులో, పన్నెండు గంటల భోజనం దాకా చెబుతూనే ఉంది. పిల్ల ఒక్కమాట అనలేదు.